కరియ నోటికి రెండు కిటికీలు

ఒక రాజ్యం ఎంత ముందుకు పోయిందో తెలుసుకోవాలంటే ఆ రాజ్యంలోని కుక్కల పళ్ళు చూడాలి. ఈ మాట శునక దంత శుభ్రతా శాఖ వారు వేసిన చిన్న పుస్తకంలో మొదటి పేజీలోనే అచ్చయి ఉంది. రెండో పేజీలో మంత్రిగారి ఫొటో ఉంది. అందులో ఆయన నోరు మూసుకుని ఉన్నారు.

శాఖ పుట్టడానికి కారణాలు గట్టివే. కుక్క పళ్ళకు పాచి పడుతుంది. పాచి గట్టిపడి గార అవుతుంది. గార చిగుళ్ళ కిందికి దిగి చీము పట్టిస్తుంది, ఆ చీము గుండెదాకా పోతుంది. ఇదంతా నిజం. నిజం మీద కట్టిన శాఖ కాబట్టే దాన్ని ఎవరూ ఏమీ అనలేకపోయారు. (మనుషుల పళ్ళ సంగతి వేరే శాఖ చూసుకుంటుంది. ఏ శాఖో ఇంకా తేలలేదు.)

హొళగుంద దారిలో, రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక పల్లెలో నాగవేణి ఉంటుంది. ఆమెకు ఒక చిన్న గొర్రెల మంద, ఒక అత్త, ఒక కుక్క. మొగుడు పని వెతుక్కుంటూ బెంగుళూరు పోయి కట్టడాల దగ్గర ఉన్నాడు. మందకు కాపలా, ఇంటికి మగదిక్కు, రెండూ ఆ కుక్కే. పేరు కరియ. పేరుకు తగ్గ నలుపు. కిందటేడు కరియ కాలికి ముల్లు దిగి ఒక్క రాత్రి పడుకుంటే, ఆ ఒక్క రాత్రే తోడేలు వచ్చి రెండు గొర్రెపిల్లలను ఎత్తుకుపోయింది. అప్పటినుంచి ఆ ఇంట్లో ముందు కుక్కకు సంగటి పెట్టి తర్వాత మనుషులు తింటారు.

శ్రావణమాసం ఆఖర్న గ్రామ సచివాలయం నుంచి వీరేష్ వచ్చాడు. అతని కొత్త హోదా 'ఉప దంత నమోదు సహాయకుడు'. (అసలు దంత నమోదు సహాయకుడిని ఎవరూ చూడలేదు. ఉప ఉన్నాడంటే అసలు కూడా ఎక్కడో ఉండే ఉంటాడు.) ఒకటో తారీఖున పింఛను మిషను తెచ్చేదీ అతనే, దోమల మందు లెక్క రాసేదీ అతనే.

"అక్కా, కరియ పండ్లు ఫొటో దీయల్ల. జర నోరు పట్టుకో."

"దాని పండ్లతో నీకేం పనప్పా?"

"నాకేం పనక్కా! పైనోళ్ళకు పని."

"అట్లయితే పైనోళ్ళనే వచ్చి పట్టుకోమను" అంది గడప మీద కూర్చున్న అత్త రామమ్మ.

రామమ్మకు వీరేష్ మీద ముందునుంచీ మంట ఉంది. కొన్ని నెలలుగా ఆమె బొటనవేలు అతని పింఛను మిషను మీద పడడం లేదు. బతుకంతా కలుపు తీసి, పత్తి ఏరిన వేలు. దాని గీతలు ఎవరెవరి చేలల్లోనో రాలిపోయాయి. 'సరిపోలలేదు' అని మిషను అంటుంది. 'నేనేం జేద్దునత్తా' అని వీరేష్ అంటాడు. పింఛను వచ్చినదారినే వెనక్కు పోతుంది.

ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కిన ఇల్లు అది. శ్రావణం పొడుగునా నీచు ముట్టరు. ఊళ్ళో సగం ఇళ్ళు అంతే. మనుషులు ముట్టకపోతే కుక్కకు ఎముక ఎక్కడిది? నెలంతా మెత్తటి సంగటి మింగి మింగి కరియ పళ్ళు పసుపుకొమ్ముల్లాగ తయారయ్యాయి. ఆ పసుపుకొమ్ములనే వీరేష్ ఫోనులోకి ఎక్కించాడు. ఫొటో పైకి పోయింది. పైనుంచి ఒక ప్లాస్టిక్ సంచి కిందికి వచ్చింది.

సంచిలో ఒక బ్రష్షు, ఒక పేస్టు, ఆ చిన్న పుస్తకం. పుస్తకాన్ని వీరేష్ చదివి వినిపించాడు. మనుషుల పేస్టు కుక్కకు వాడరాదు. కుక్కకు ఉమ్మడం తెలియదు, నురగ మింగేస్తుంది. (ఉమ్మడం తెలిసినవారి పనితనాన్ని శాఖ కార్యాలయం మెట్ల మూలల్లో చూడవచ్చు.) మొదట వేలితో రుద్ది అలవాటు చేయాలి. పై పెదవి ఎత్తి, పన్ను చిగురును కలిసేచోట, బయటివైపు మెల్లగా రుద్దాలి. రుద్దడం అయిపోయాక కుక్కను మెచ్చుకోవాలి.

"మెచ్చుకోవల్లంటనా?" అంది రామమ్మ. "నేనూ ఇన్నేండ్లు పండ్లు తోముకుంటి. ఒక్క నా కొడుకన్నా మెచ్చినాడా?"

పేస్టు మూత తీయగానే గుప్పున కోడికూర వాసన కొట్టింది. రామమ్మ ముక్కు మూసుకుని లేచింది.

"ఈరన్నసామి నెలలో ఇంట్లోకి కోడి తెస్తివా, నీ చేతులిరగ!"

"కోడి కాదత్తా, వట్టి వాసనే."

"కోడి ల్యాకుండ కోడి వాసన యాడనుంచి వచ్చెరా?"

ఈ ప్రశ్నకు పుస్తకంలో జవాబు లేదు. పేస్టు దొడ్డి చూరులోకి పోయింది. నాగవేణి పాత నూలుచీర పేలిక చించి, వేలికి చుట్టి, నీళ్ళలో తడిపి పని మొదలుపెట్టింది. మొదటి రోజు కరియ వేలు కొరికింది. తర్వాత సర్దుకుంది. ఆ తర్వాత పేలిక కనపడగానే తానే వచ్చి మూతి ఒళ్ళో పెట్టేది. ఈలోగా శ్రావణం పోయింది. ఊరంతా ఆవురావురుమని యాటలు కోసుకుంది. కరియకు పచ్చి ఎముకలు కరువుతీరా అందాయి. కింద పేలిక, పైన ఎముక, రెంటి మధ్యా నలిగి గార పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. చేలల్లో పత్తి విచ్చేనాటికి కరియ పళ్ళు కూడా ఆ రంగుకే వచ్చాయి.

పథకం అనుకున్నది అనుకున్నట్టు నెరవేరింది. చిక్కు వచ్చింది అక్కడే.

రెండో విడత తనిఖీకి వచ్చిన వీరేష్ కరియ పెదవి ఎత్తి ఫొటో తీశాడు. ఫోను కాసేపు ఆలోచించి ఎర్రబడింది. మళ్ళీ తీశాడు. మళ్ళీ ఎర్రబడింది.

"అక్కా, ఇది కరియ కాదంట."

"కరియ కాకపోతే యెవురు?"

"అది సెప్పదు. కాదని మాత్రం సెప్తాది."

"ఒరే కరియా!" అని నాగవేణి పిలిచింది. కుక్క తోక ఊపింది. (తోక సాక్ష్యానికి నియమావళిలో చోటు లేదు.)

మనిషికి వేలిముద్ర ఎట్లాగో కుక్కకు పంటి గార అట్లాగ. ఏ రెండు కుక్కల గారా ఒక్కలాగ పట్టదు. ఇది శాఖ కనిపెట్టిన విషయం. అందుకే నమోదునాటి గారనే కుక్క గుర్తుగా రాసుకున్నారు. గారను మిగల్చకుండా తీసేయమని చెప్పిందీ ఆ శాఖే. ఈ రెండూ కనిపెట్టినవారు వేర్వేరు అంతస్తుల్లో కూర్చుంటారు, లిఫ్టు పనిచేయదు.

పళ్ళు సరిపోలని కుక్కను శాఖ భాషలో 'యజమాని లేని నోరు' అంటారు. సోమవారంలోగా ఆదోని కార్యాలయానికి పోయి రుజువు చేసుకోకపోతే అటువంటి నోళ్ళను వ్యాను వచ్చి ఎక్కించుకుపోతుంది. వాటిని ఉంచే ఆశ్రయానికి ఇంకా స్థలం మంజూరు కాలేదు. వ్యాను మాత్రం మంజూరయింది. నిండుగా పోతుంది, ఖాళీగా వస్తుంది.

నాగవేణి కళ్ళ ముందు తోడేలు నిలబడింది.

"దీన్ని తీస్కపోతే నా మందను యెవురు గాస్తారప్పా? నీ పైనోళ్ళొచ్చి దొడ్డికాడ పండుకుంటారా?"

వీరేష్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నేను సెప్పినానని అనొద్దక్కా. గార మళ్ళీ పట్టిస్తే సరిపోతాది."

"పట్టిచ్చేకి అదేమన్నా గోడకు సున్నమా?"

"ఎమ్మిగనూరులో జయన్న ఉండాడు గదా."

ఎమ్మిగనూరు పశువుల సంతలో జయన్న ఒకప్పుడు పెద్ద చెయ్యి. ఎద్దు వయసు దాని పళ్ళలో ఉంటుంది. కొనేవాడు నోరు తెరిచి చూస్తాడు. కొనేవాడు చూడకముందే జయన్న చూసేవాడు. ఆకురాయితో రాసి, రంగు దిద్ది, గుంటలు తోడి, కాటికి కాళ్ళు చాచిన ఎద్దును కోడెగా నిలబెట్టేవాడు. ఆ కోడెలను కాడికి కట్టి ఎందరు రైతులు నెత్తీనోరూ కొట్టుకున్నారో లెక్క లేదు. ట్రాక్టర్లు వచ్చాక జయన్న మోసం మానుకుని మంచివాడయ్యాడు. (మోసపోయేవారు రావడం మానేశారు.)

మరునాడే నాగవేణి కరియను ఆటోలో వేసుకుని పోతే, జయన్న టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. సంగతంతా విని, కరియ నోరు తెరిచి చాలాసేపు చూశాడు.

"ముసలెద్దును పడుసు జేసినోన్నమ్మా నేను. పడుసు నోటిని ముసల్ది జెయ్యమని వచ్చినదానివి నువ్వే మొదులు."

"అయితాదా, కాదా అన్నా?"

"కాకేం. గారంటే యేముంది? దినాలు పేరుకుంటే గార. ఆ దినాలను నేను ఒక్క పూటలో పూసిస్తా. పాత ఫొటో ఉంటే సూపీ, యా పంటికి యెంతుండెనో కొలత సూస్కోవల్ల."

వీరేష్ పంపిన పాత ఫొటోను నాగవేణి తన ఫోనులో చూపించింది. జయన్న కాచు నానబెట్టాడు. టీ డికాషను చిక్కగా మరిగించాడు. రెంటినీ తుమ్మబంకతో కలిపి, పుల్లకు దూది చుట్టి, ఒక్కో పంటికి అద్దాడు. కరియ కిక్కురుమనలేదు. పెదవి ఎత్తగానే నోరు అప్పజెప్పడం దానికి అలవాటయింది. శాఖ నేర్పిన విద్య ఆ ఒక్కచోట పనికొచ్చింది.

సోమవారం పొద్దున ఆదోనిలో, పాత పత్తి గోడౌనులో పెట్టిన కార్యాలయం ముందు కుక్కలూ మనుషులూ వరుసలో నిలబడ్డారు. పక్కనే వ్యాను ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. గోడౌనుకు రెండు కిటికీలు. మొదటిది గుర్తింపు కిటికీ. రెండోది శుభ్రతా కిటికీ. రెంటి మధ్య ఒక వసారా, గోడమీద మంత్రిగారి ఫొటో. ఇక్కడ కూడా ఆయన నోరు మూసుకునే ఉన్నారు.

మొదటి కిటికీలో ధనుంజయ అనే ఆయన ఫోను పెట్టాడు. నాగవేణి కరియ పెదవి ఎత్తింది. ఫోను ఆలోచించింది. పచ్చబడింది.

"కరియే" అన్నాడు ధనుంజయ.

"ఇది నేను ముందే సెప్తి గదప్పా."

"నువ్వు సెప్తే సెల్లదమ్మా. అది సెప్పల్ల."

ప్రాణం కుదుటపడి ఆమె రెండో కిటికీకి పోయింది. అక్కడున్న మేడం దూదితో కరియ కోరపంటిని ఒక్కసారి తుడిచింది. దూది గోధుమరంగుకు తిరిగింది.

"గార. అనర్హం. ఈ కిటికీలో తప్పిన నోరు కూడా వ్యానులోకే."

"మేడమ్, గార తీస్తే ఆ కిటికీలో కుక్కే కాదంటారు. గార ఉంటే ఈ కిటికీలో పనికిరాదంటారు. నేనేం జేయల్ల?"

"ఆ కిటికీ విషయాలు ఈ కిటికీలో అడగరాదు" అంది మేడం. కోపంగా అనలేదు. అడిగేవాళ్ళందరికీ పొద్దున్నుంచీ అదే చెబుతోంది. "రెండు కిటికీలకూ ఏ సంబంధమూ లేదు. శుభ్రం చేసుకుని ఇంకోసారి రండి. అప్పుడూ తప్పితే వ్యాను."

నాగవేణి తల తిప్పి వసారా వైపు చూసింది. అప్పుడర్థమైంది వరుస ఎందుకంత మెల్లగా కదులుతోందో. వసారా పొడుగునా జనం గొంతుక్కూర్చుని కుక్కల పళ్ళు తోముతున్నారు. బూడిదతో ఒకడు, తువ్వాలుతో ఒకడు, కొంగుతో ఒకామె. మొదటి కిటికీలో పచ్చ రంగు కనబడగానే ఉరకడం, రెండో కిటికీ చేరేలోపల రంగు దించడం. నడుమ ఒక బకెట్టు, ఒక గోనెపట్టా, పట్టా మీద జయన్న.

"రామ్మా, నువ్వు నా మొదులు బేరం" అన్నాడు. "ఆ కిటికీకాడ పూత, ఈ కిటికీకాడ కడుగుడు. నడాన నేను. ఎద్దుల కాలంలో గూడ ఇంత బేరం సూడలే."

"సిగ్గు లేదన్నా నీకు?"

"నాకెందుకమ్మా? నేనేమన్నా కిటికీ పెట్టినానా?"

నాగవేణి బకెట్టు పక్కన కూర్చుంది. కొంగు తడిపి వేలికి చుట్టుకుంది. పేలిక అనుకుని కరియ మూతి ఒళ్ళో పెట్టింది. కాచు, బంక, మరిగిన డికాషను, ఒక్కపూటలో పూసిన దినాలన్నీ ఒక్క నిమిషంలో కొంగుకు దిగాయి. మేడం కొత్త దూదితో తుడిచింది. దూది తెల్లగానే ఉంది. ఠపీమని ముద్ర పడింది. వ్యాను వేరే నోళ్ళతో కదిలిపోయింది.

ఆ విడతలో డివిజన్‌లోని కుక్కలన్నీ ఒకే రోజు గారతోనూ, గార లేకుండానూ ఉన్నట్టు తేలింది. దీన్ని శాఖ ఘన విజయంగా ప్రకటించింది. ఎమ్మిగనూరు జయన్నకు 'అధీకృత దంత సహాయకుడు' అని మెడలో వేసుకునే కార్డు ఇచ్చారు. వీరేష్ ఇంకా ఉప సహాయకుడే కాబట్టి, ఇప్పుడతను జయన్నను చూస్తే లేచి నిలబడాలి.

ఒకటో తారీఖు వచ్చింది. వీరేష్ పింఛను మిషనుతో వచ్చాడు. రామమ్మ వేలిని నూనెతో తుడిచింది, కొంగుతో తుడిచింది, నోట్లో పెట్టి తడి చేసింది, మిషను మీద అదిమింది. ఎర్రబడింది. ఎడమ వేలు పెట్టింది. ఎర్రబడింది.

"జయన్నకాడ ఏలికి పూసేదేమన్నా ఉందేమో అడుగప్పా" అంది రామమ్మ.

"అడిగినా అత్తా. పూసేకి పాత ఫొటో ఉండల్లంట. పాత గీతలు యెట్లుండెనో నీకన్నా గుర్తుందా?"

రామమ్మ వేలు చూసుకుంది. గుర్తు లేదు.

ఇంటికి వచ్చినందుకు ఏదో ఒకటి నమోదు చేయకుండా పోరాదని వీరేష్‌కు కొత్త ఉత్తర్వు ఉంది. అటూ ఇటూ చూసి కరియ పెదవి ఎత్తి ఫోను పెట్టాడు. నిన్ననే జయన్న వచ్చి మూడో విడతకు పూత వేసి పోయాడు. పచ్చబడింది. 'ఈ ఇంట గుర్తింపు పొందిన ప్రాణులు: ఒకటి' అని వచ్చింది. వీరేష్ దాన్ని పైకి పంపి, మిషను సంచిలో వేసుకుని పోయాడు.

నాగవేణి సంగటి ముద్ద తెచ్చింది. రామమ్మ ఆ గిన్నె తన చేతిలోకి తీసుకుని, వంగి, కుక్క ముందు పెట్టింది.

"తినప్పా కరియా. ఈ ఇంట్లో బతికుండేది నువ్వొక్కడివే."

రికార్డు ప్రకారం అందులో తప్పేమీ లేదు.