ఇసుక బకెట్ లేని చానల్

ఈ దేశంలో ప్రభుత్వం ఏ టీవీ చానల్‌నూ ఏనాడూ మూయించలేదు. మూతపడిన చానళ్లన్నీ ఇసుక బకెట్లు లేక మూతపడినవే.

సభలో ఎవరి బలం ఎంతో తేల్చే ఓటింగ్ దగ్గర పడింది. ప్రతిపక్ష నాయకుడి సొంత చానల్‌లో ఇసుక బకెట్ లేదన్న దుర్వార్త సరిగ్గా అప్పుడే ప్రభుత్వం చెవిన పడింది. నిప్పంటుకుంటే జనం ఏమైపోతారోనని పెద్దలకు కంటి మీద కునుకు లేదు. (అదే వీధిలో ఉన్న అధికార పక్షం చానల్‌కు బయటికి రెండో దారే లేదు. నిప్పంటుకుంటే కిటికీలోంచి దూకాలి. దూకకూడదని నిబంధన ఎక్కడా లేదు కనుక అది సక్రమం.)

భద్రతా శాఖ నుంచి సీళ్ల గుమాస్తాను పంపారు. పిండిమిల్లులు, సినిమా హాళ్లు, ఒకసారి ఒక బావి, ఇలా సీళ్లు వేస్తూనే ఆయన జుట్టు నెరిసింది. ఆయన వేసిన సీలు ఊడిందన్న మాట ఆ శాఖలో వినపడలేదు. ఇక పింఛను ఒక్కటే బాకీ.

ఆయన వెళ్లేసరికి వార్తలు చదివే అమ్మాయి వాక్యం మధ్యలో ఉంది.

"ఈ ఒక్క వాక్యం పూర్తి చేయనివ్వండి సార్."

"వాక్యాలు నా పరిధిలోకి రావమ్మా. బకెట్ ఉందా?"

"లేదండీ."

"అయితే లేచి రా."

అందరూ బయటికొచ్చారు. ఆయన తలుపు లాగి, తాళం వేసి, గుడ్డ చుట్టి, దారం బిగించి, కరిగిన లక్క పోసి, ఊపిరి బిగబట్టి ఇత్తడి ముద్ర వేశాడు. చూడముచ్చటగా కుదిరింది. లోపల కెమెరా ఆపమని ఆయనకెవరూ చెప్పలేదు. ఆయన ఆపలేదు.

ఇంటికొచ్చేసరికి భార్య టీవీ ముందు కూర్చుని ఉంది.

"ఏమండీ, మీరు మూసొచ్చింది దీన్నేనా?"

"దీన్నే."

"మరి వస్తోందిగా!"

"ఏమొస్తోంది?"

"కుర్చీ."

నిజంగానే కుర్చీ వస్తోంది. ముందు బల్ల, బల్ల మీద సగం తాగిన మంచినీళ్ల గ్లాసు. తెల్లవారేసరికి ఊరంతా అదే చూస్తోంది. బస్టాండులో, మంగలి షాపులో, ఆసుపత్రి వరండాలో జనం నోళ్లు మూసుకుని కుర్చీ వంక చూసి, అర్థమైనట్టు తలలూపారు. మూడోనాటికి ప్రభుత్వ ప్రతినిధి విలేకరులను పిలిచి, కుర్చీ చేస్తున్న ఆరోపణలన్నీ నిరాధారమని ఖండించాడు.

పై అధికారి ఫోన్ చేశాడు.

"ఏమయ్యా, మూయమంటే ఏం చేసి చచ్చావు?"

"మూశానండి."

"నడుస్తోందయ్యా!"

"తలుపు మూసే ఉందండి."

"వెళ్లి సీలు తీసి, ఆ కెమెరా ఆపి, మళ్లీ వెయ్యి."

"తీయాలంటే లోపం సరిదిద్దారని రాయాలండి. అలా రాస్తే చానల్ నడుపుకోవచ్చు."

"రాయకుండా తీయవయ్యా!"

"అయితే వేయమన్నవారే తీయమని రాసివ్వాలండి. తమరు రాసిస్తారా?"



"నేనెప్పుడు వేయమన్నాను?"

"పోనీ, కరెంటు తీయించండి."

"మన చానల్‌దీ అదే లైను కదయ్యా!" అధికారి గొంతు తగ్గించాడు. "ఓటింగ్ లోపు ఆ కుర్చీ మాయం కావాలి. లేదంటే నీ పింఛను మాయం."

భార్య నెత్తి కొట్టుకుంది. "అంత గట్టిగా ఎవరు వేయమన్నారు? కాస్త వదులుగా వేసి ఏడవొచ్చుగా!"

"వదులుగా వేయడం నాకు చేతకాదే."

ఆ రోజు నుంచి ఆయన పొద్దున్నే వెళ్లి తలుపు ముందు నిలబడేవాడు. ఎలుకైనా కొరికిందేమో, ఎండకైనా కరిగిందేమో అని చూసేవాడు. లక్క నిగనిగలాడుతూనే ఉంది. ఒకనాడు బొటనవేలి గోరు దాని అంచు కింద పెట్టాడు. ఒక్క నొక్కు చాలు, పింఛను దక్కుతుంది. కాసేపలాగే ఉండి, వేలు వెనక్కి తీసుకుని, లక్క మీద పడిన మరకను పంచె కొంగుతో తుడిచి వచ్చేశాడు.

ఓటింగ్‌లో ప్రభుత్వం పడిపోయింది. చానల్ యజమానే ఏలికయ్యాడు. కెమెరాల ముందు స్వయంగా సీలు పగలగొట్టి, స్వేచ్ఛ గెలిచిందన్నాడు. కుర్చీని ప్రదర్శనశాలకు పంపారు. వార్తలమ్మాయి కొత్త కుర్చీలో కూర్చుని ఆగిన వాక్యం అందుకోబోయింది. ఇప్పుడా వాక్యం అవసరం లేదన్నారు.

సీళ్ల గుమాస్తాకు కబురొచ్చింది. పింఛను మీద ఆశ వదులుకునే వెళ్లాడు. ఏలిక లేచి వచ్చి భుజం మీద చెయ్యేశాడు.

"మీలాంటి నికార్సయిన మనిషి వల్లే మేం గెలిచాం. మీ పింఛనుకు నాది పూచీ."

గుమాస్తా కళ్లు తుడుచుకున్నాడు.

"అన్నట్టు, ఆ పక్క చానల్‌కి బయటికి రెండో దారి లేదటగా?"

"లేదండి."

"పాపం, జనం ప్రాణాలు కదా."

గుమాస్తా లక్క, దారం ఉన్న సంచీ భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాటుతుండగా ఏలిక ఆప్యాయంగా వెనక్కి పిలిచాడు.

"ఈసారి మాత్రం ముందు స్విచ్ ఆపండి."

అధికారంలోకి వస్తే మార్పు తెస్తామని వాళ్లు మాటిచ్చారు. తెచ్చిన మార్పు అదే.