బీరన్న తోమిన బిళ్ల

1966లో ఆ శుక్రవారం ఉదయం రఘుపతి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు తనిఖీ అధికారి అమరేందర్‌కు ఒక ఉక్కు బిళ్ల చూపించాలి. ఆరేళ్లుగా తాత్కాలికంగా నడుస్తున్న ఫిజిక్స్ లెక్చరర్ ఉద్యోగాన్ని ఖాయం చేయించుకోవాలి. నల్గొండ కాలేజీలో ఇన్నేళ్లు ఎదురుచూశాక ఆయనకు ఆశపడటం కూడా అలసటగానే ఉంది.

బిళ్ల మాత్రం మామూలుది కాదు. బొంబాయి మిత్రుడు పంపాడు. దాని ఒక వైపు విద్యుదావేశమున్న నత్రజని పరమాణువులను, అంటే అయాన్లను, మహావేగంతో గుచ్చారు. లోపల వరుసగా ఉన్న లోహపు పరమాణువులను అవి చెదరగొట్టి, నకిరేకల్ బస్సులో ఆఖరున ఎక్కినవాళ్లలా మధ్యలో ఇరుక్కున్నాయి. అందుకే ఆ వైపు సూదితో గీసినా గీత పడదు. రెండో వైపు పడుతుంది. మారిన పొర మందం మాత్రం వెంట్రుకలో వెయ్యో వంతు కూడా లేదు.

అటెండర్ బీరన్నకు ఇదంతా తెలియదు. అతనికి తెలిసిందల్లా, శుక్రవారం పూట సామానంతా తోమి పెట్టాలని.

"సారూ, బిళ్ల ఒకదిక్కు మసకగుండె. ఇటుకపొడేసి గట్టిగ తోమిన. అద్దం లెక్కయింది జూడు."

రఘుపతి కుర్చీలో కూలబడ్డాడు. "గా మసకనే నా నౌకరి, బీరన్నా."

బీరన్న మనసు చివుక్కుమంది. "ఫికర్ చెయ్యకు సారూ, మల్ల మసక తెస్త" అని బిళ్ల పట్టుకుపోయి క్యాంటీన్ పొయ్యిలో పెట్టాడు. అది నీలంగా మారింది. పటకారుతో లాగబోతే వంగింది కూడా. గాభరాపడి, తమ గొర్ల కత్తెరలకు పదును పెట్టే కమ్మరి లచ్చయ్య దగ్గరికి పరుగెత్తాడు. లచ్చయ్య బిళ్లను ఎర్రగా కాల్చి, రెండు దెబ్బలతో వంకర తీసి, అలవాటు కొద్దీ చన్నీళ్లలో ముంచాడు.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా బీరన్న జరిగినదంతా చెప్పి, బిళ్ల రఘుపతి చేతిలో పెట్టాడు. మరో మాటకు వ్యవధి లేదు.

అమరేందర్ సూదితో ఒక వైపు గీశారు. గీత పడలేదు. రెండో వైపూ పడలేదు. ఆకురాయి తెప్పించి రాస్తే అదీ జారిపోయింది.

"ఎంత లోతు దాక మారింది?"

రఘుపతికి అబద్ధమాడే ఓపిక కూడా లేదు. "మొత్తం మారింది సార్. అయాన్ల పొర తోముడుకే పోయింది. కమ్మరి లచ్చయ్య ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచిండు. గట్ల ముంచితె పరమాణువులకు పాత వరుసకు పోనీకి టైం దొరకదు, కొత్త అమరికల్లనే బిగుసుకపోతయి. ఇది బొంబాయి గట్టిదనం కాదు సార్."

ఉద్యోగం పోయినట్టేనని తేలాక ఆయనకు కాస్త హాయిగా అనిపించింది.

అమరేందర్ చాలాసేపు బిళ్లను తిప్పి తిప్పి చూశారు. "ఆ లచ్చయ్య శనివారాలు ఖాళీగుంటడా?" అన్నారు.

నెల తిరక్కుండా ఆర్డరు వచ్చింది. రఘుపతి ఉద్యోగం ఖాయమైంది. విధుల జాబితాలో మొదటిది, శనివారాలు లచ్చయ్య విద్యార్థులకు పాఠం చెబుతున్నంతసేపూ కొలిమి తిత్తి ఊదడం.