అత్తగారి తీగ, అల్లుడిగారి నురగ

కళ్లద్దాలాయనకి తన నాలుక మీద ఉన్నంత నమ్మకం తన కొట్లో అమ్మే అద్దాల మీద కూడా లేదు. టీ ఒక్క గుక్క తాగితే ఆ ఆకు ఏ కొండ మీద, ఏ వాలులో పెరిగిందో చెప్పేస్తానంటాడు. చెప్తాడు కూడా. ఇంతవరకూ ఎవరూ ఆ కొండ ఎక్కి చూసి రాలేదు కాబట్టి పరువు దక్కింది.

అలాంటి నాలుక ఒక శనివారం సాయంత్రం నురగ మాస్టారి కొట్టుకి వెళ్లింది. వెనక గదిలో తనే బీరు కాచి, ముందు గదిలో తనే పోసి అమ్ముతాడాయన. గ్లాసు చేతికిచ్చే ముందు నురగ గురించి ఒక పాఠం చెప్పనిదే వదలడు గనక ఆ పేరు స్థిరపడిపోయింది. ఆ రోజు పోసిన బీరు రంగే వేరుగా ఉంది, దానిమ్మ గింజ నీళ్లలో నానినట్టు.

"ఇందులో ద్రాక్ష వేశానండీ," అన్నాడు మాస్టారు. "మనం తినే ద్రాక్ష కాదు, వైన్ తీసే ద్రాక్ష. చిన్న కాయ, మందం తోలు, నోట్లో వేసుకుంటే అన్నీ గింజలే."

మొదటి గుక్కకి బీరు తెలిసింది. రెండో గుక్కకి ద్రాక్ష తెలిసింది. మూడో గుక్కకి అత్తగారు గుర్తొచ్చారు. బీరు తాగుతూ అత్తగారిని తలుచుకున్న అల్లుడు ఆ వీధిలో ఆయన ఒక్కడే అయ్యుంటాడు.

దానికి కారణం ఆయన ఉంటున్న అత్తారింటి పెరట్లోనే ఉంది. చాలా ఏళ్ల కిందట అత్తగారు ఒక ద్రాక్ష మొక్క కొని తెచ్చారు. తేనెలాంటి కాయలు కాస్తుందని అమ్మినవాడు ఒట్టేసి మరీ చెప్పాడట. తీగ పందిరంతా పాకింది, కాయలు గుత్తులు గుత్తులుగా కాశాయి, నోట్లో వేసుకుంటే తోలూ గింజలే తప్ప గుజ్జు లేదు. ఇంటిల్లిపాదీ ఉమ్మేస్తుంటే ఆవిడ మాత్రం తొణక్కుండా, "వచ్చే ఏడు చూడండి," అనేవారు. ప్రతి ఏడూ అదే మాట. ఆ మాట అనే మనిషి పోయి రెండేళ్లయింది. తీగ మాత్రం ఇంకా ఉమ్మేసే కాయలే కాస్తోంది.

ఇప్పుడు మావగారు దాన్ని కొట్టేస్తానంటున్నాడు. ఆయన లారీల మెకానిక్‌గా పనిచేసి మానేసిన మనిషి. ఇంట్లో ఎవరి ఆలోచనైనా కాస్త కదిలితే చాలు, కాలు అడ్డం పెడతాడు గనక అందరూ బ్రేకుల మావయ్య అంటారు. కాయలు రాలి ఉతికిన బట్టలన్నీ మరకలవుతున్నాయని, పందిరి తీసి రేకుల షెడ్డు వేస్తానని ఆయన పైకి చెప్పే మాట. ఆవిడ పోయాక ఆయన పెరట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదన్నది ఎవరూ పైకి అనని మాట.

కూతురు, అంటే కళ్లద్దాలాయన భార్య, ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆవిడకి బేకరీ ఉంది, తెల్లారకముందే వెళ్లాలి. అలా వెళ్లేముందు రోజూ పందిరి కింద ఒక్క క్షణం ఆగి, ఒక ఆకుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని వదిలేస్తుంది. కళ్లద్దాలాయన కిటికీలోంచి రోజూ అది చూసేవాడు. ఆ తీగ పోతే ఆవిడ ఏమీ అనదని ఆయనకి తెలుసు. అదే ఆయన భయం.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన గొంతు సవరించుకున్నాడు. ఈ ఏడు కాపు తనకి వదిలేస్తే, మావయ్యగారే మెచ్చుకునే బీరు తీసి చూపిస్తానన్నాడు. మెచ్చుకుంటే తీగ ఉండాలి. లేకపోతే గొడ్డలి తనే పట్టుకుంటానన్నాడు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం," అన్నాడు మావగారు. "నేను మెచ్చుకోవడం నువ్వెప్పుడైనా చూశావా అల్లుడూ?"

"నాన్న ఇంతవరకూ మెచ్చుకున్నవి రెండే," అంది కూతురు పెరుగు వడ్డిస్తూ. "ఒకటి ఎప్పటిదో లారీ ఇంజను. రెండోది అమ్మ."

"ఇంజనుని రెండుసార్లు మెచ్చుకున్నాను," అని సరిదిద్దాడు ఆయన. పందెం ఖాయమైంది, రుచి చూడటానికి ఒక ఆదివారం కూడా. బీరు కాచే కంపు మాత్రం ఇంట్లో ఉండకూడదని షరతు పెట్టాడు.

అంచేత బీరు డ్రమ్ము కళ్లద్దాల కొట్టు వెనక గదిలో వెలిసింది. కళ్లు పరీక్షించేదీ ఆ గదిలోనే. ఒక పెద్దమనిషి ఒక కన్ను మూసుకుని గోడ మీది అక్షరాలు చదువుతుంటే, మూల నుంచి బుడబుడమని ఒకటే చప్పుడు. ఆయన చదవడం ఆపి, "మీకు కడుపులో బాగాలేకపోతే రేపు వస్తాలెండి," అన్నాడు. ఔనండీ అని కడుపు పట్టుకోవడం తప్ప కళ్లద్దాలాయనకి దారి లేకపోయింది. మర్నాటికి వీధి వీధంతా ఆయనకి వాము నీళ్లు తాగమని సలహా ఇచ్చింది.

బీరుని సీసాల్లో నింపి, కళ్ల పరీక్ష అక్షరాలే చిన్నగా అచ్చువేయించి లేబుళ్లు అంటించాడు. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు వాటిని ఏసీ గాలి సూటిగా తగిలే అరలో పేర్చి, ఒకటికి పదిసార్లు తుడుచుకున్నాడు. రుచి చూసే ఆదివారానికి ఇంకా మూడు వారాలుంది. ఓపికున్నవాడైతే సీసాలో నురగ పుట్టేదాకా ఆగేవాడే. ఈయన నాలుగో రోజునే ఒక సీసా మూత తీశాడు.

నురగ లేదు. చప్పుడు లేదు. రుచి చూస్తే చిన్నప్పుడు ముక్కు మూసి పట్టించిన దగ్గుమందు.

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. అప్పటికే గొప్పలకి పోయి నురగ మాస్టారిని కూడా ఆ ఆదివారం పిలిచేశాడు. మాస్టారి ముందు పరువు పోతే పోయింది, పందిరి కింద ఆగే ఆవిడకి ఇకమీదట ఆగడానికి చోటుండదు. ఆ బాధలోంచే ఆయనకి ఒక ఉపాయం తట్టింది. బాధలోంచి పుట్టిన ఉపాయం మంచిదే అవుతుందని ఆయన అనుకున్నాడు.

మాస్టారు కొట్లో లేని వేళ చూసి, కాపలా కూర్చున్న కుర్రాడి దగ్గర ద్రాక్ష బీరు సీసాలు అరడజను కొన్నాడు. అందులోది ఖాళీ సీసాల్లోకి వంచి, మూతలు బిగించి, తన అక్షరాల లేబుళ్లు అంటించాడు. ఇక తన అసలు బీరుని మోరీలో పారబోయాలి. సీసా వంచబోయాడు, చెయ్యి రాలేదు. ఎంత దగ్గుమందైనా సొంత దగ్గుమందు. ఆ సీసాలన్నిటినీ ఒక అట్టపెట్టెలో సర్ది, ఇంట్లో బీరువాలో చలికాలం దుప్పట్ల వెనక దాచాడు. బీరువాకి ఆ పేరు ఇన్నాళ్లకి సార్థకమైందని తనలో తనే నవ్వుకున్నాడు.

రెండు రోజులకి ఆవిడ అడగనే అడిగింది, బీరువాలో ఏముంది, తలుపు సరిగా పడటం లేదేమని.

"దుప్పట్లు ఉబ్బినట్టున్నాయి," అన్నాడు.

"ద్రాక్ష వాసన వేస్తున్నాయి."

"కొత్త సబ్బు."

"దుప్పట్లు ఉతికి ఎన్నాళ్లయిందో మీకు తెలుసా?"

తెలియదన్నాడు. ఆ ఒక్కటే నిజం. కొట్లో పనుందంటూ చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా బయటపడ్డాడు. ఆవిడ మళ్లీ ఆ మాట ఎత్తలేదు, తలుపు కూడా మర్నాటి నుంచి చక్కగా పడుతోంది. దుప్పట్లు సర్దుకున్నాయి కాబోలనుకున్నాడు మహానుభావుడు.

ఆదివారం వచ్చింది. నురగ మాస్టారు ఉతికిన చొక్కా వేసుకుని, చంకలో ఒక సీసా పెట్టుకుని వచ్చాడు. అది ఆయన సొంత ద్రాక్ష బీరు. పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తే బాగుంటుందన్నాడు. కళ్లద్దాలాయన తన సీసాల వైపు చూశాడు. అదే బీరు ఇటూ ఉంది, అదే బీరు అటూ ఉంది. రెండింటినీ కాచినవాడు ఎదురుగా కూర్చున్నాడు. ఈ సంగతి ఉపాయం తట్టినప్పుడు తట్టలేదు.

"నాన్నకి ఏది ఎవరిదో తెలియకూడదు," అంది ఆవిడ సీసాలన్నీ అందుకుంటూ. "నేను లోపల జగ్గుల్లో పోసి తెస్తాను. మీరు ఇక్కడే కూర్చోండి, ఏమండీ."

ఆవిడ వెళ్లిన కాసేపటికి వంటింట్లో ఢామ్మని శబ్దమైంది. మావగారు అలవాటు కొద్దీ, టైరు పేలిందన్నాడు. ఆవిడ రెండు జగ్గులతో నింపాదిగా వచ్చింది. జుట్టు మీద, భుజం మీద నురగ.

మొదటి జగ్గులోది తాగి మాస్టారు చిన్నగా నవ్వుకున్నాడు, బడి వదిలాక గుంపులో తన పిల్లాడిని చూసుకున్నట్టు. మావగారు పెదవులు తుడుచుకుని, తాగొచ్చు అన్నాడు. కళ్లద్దాలాయన తేలు కుట్టిన దొంగలా గ్లాసు అడుగు చూస్తూ కూర్చున్నాడు. ఇక రెండోదీ ఇదే అని తేలడమే మిగిలింది.

రెండో జగ్గులోంచి పోస్తే నురగ గ్లాసు అంచు దాటి నిలబడింది. మాస్టారు పాఠం చెప్పడం మరిచిపోయాడు. మావగారు ఒక గుక్క తాగి, వెంటనే ఇంకో గుక్క తాగాడు. కళ్లద్దాలాయన కూడా తాగాడు. ఇది అది కాదు. ముందు కాలిన రొట్టె అంచు వాసన, తర్వాత ద్రాక్ష, చివర నాలుక వెనక చిన్న పులుపు. ఎక్కడిదో చెప్పమంటే, జీవితంలో మొదటిసారి ఆ నాలుకకి తెలియలేదు.

"అల్లుడూ," అన్నాడు మావగారు. "ఇది నీదేనా?"

ఔను అంటే చాలు. తీగ బతుకుతుంది. మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ నురగ తుడుచుకోకుండా ఈయన్నే చూస్తోంది.

"కాదు మావయ్యా," అన్నాడు.

ఇక ఆగలేదు. తన సీసాల్లో నింపింది మాస్టారి బీరేనని, తనది దగ్గుమందులా తయారైందని, అది బీరువాలో ఉందని, తీగ పోతుందన్న భయంతో ఈ పని చేశానని మొత్తం చెప్పేశాడు. ఈ రెండో బీరు ఏ మహానుభావుడిదో గానీ తనది మాత్రం కాదని, లేని గొప్ప తనకి వద్దని కూడా అన్నాడు.

మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏమండీ, మీ బీరుని మీరే గుర్తుపట్టలేదా?"

ఆయన గ్లాసు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, మళ్లీ గ్లాసు వైపు చూశాడు.

"దుప్పట్ల వెనక మీ సీసాలు దాచారు సరే, మాస్టారి ఖాళీ సీసాలు కూడా అక్కడే పెట్టాలా?" అంది. "మీ కొట్లో ఏసీ చలికి ఈస్టు ముసుగుతన్ని పడుకుంది. పిండి పొంగకపోతే పారబోస్తామా? తీసుకెళ్లి నా ఓవెన్ పక్కన పెట్టాను, లేచి కూర్చుంది. ఒక సీసా బేకరీలోనే పేలింది. వరసలో నిలబడ్డవాళ్లంతా బల్ల కింద దూరారు."

"మరి మొదటి జగ్గు?"

"మీరు నింపిందీ మాస్టారు తెచ్చిందీ కలిపి పోశాను. రెండూ ఒకటేగా."

అంతా తెలిసి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నీరసంగా అడిగాడు. మీరు చెప్తారేమోనని చూశాను, చెప్పారు కదా అంది. ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతు మెత్తబడింది. వెంటనే తుడుపు గుడ్డ తెచ్చి ఆయన చేతిలో పెట్టి, వంటింటి కప్పుకి కూడా అంటిందని, నిచ్చెన వేసుకోమని చెప్పింది.

మావగారు లేచాడు. రెండో జగ్గూ గ్లాసూ ఒక చేత్తో, కుర్చీ ఒక చేత్తో పట్టుకుని పెరట్లోకి నడిచాడు. పందిరి కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాసేపు పైకి చూశాడు. కూతురు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"వచ్చే ఏడు, వచ్చే ఏడు అనేది మీ అమ్మ," అన్నాడు. "ఈ ఏడే అనుకుంటాను అది."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. నురగే తుడుచుకుందనుకోవాలి.

కళ్లద్దాలాయన తుడుపు గుడ్డతోనే మెల్లగా వెళ్లి పందిరి గుంజ పక్కన నిలబడ్డాడు. "అంటే మెచ్చుకున్నట్టేనా మావయ్యా?"

"బీరుని మెచ్చుకున్నాను," అన్నాడు బ్రేకుల మావయ్య. జన్మలో బ్రేకు తప్ప ఇంకేమీ తొక్కని ఆ కాలితో పక్కనున్న పాత స్టూలుని అల్లుడి వైపు జరిపాడు. "నిన్ను వచ్చే ఏడు చూద్దాం."