చదరపు మీటరుకు ఎంత నీడ

స్తుదెన్ బ్రెగ్ పురపాలక సంఘం వారు పౌరులందరికీ సంతోషంతో తెలియజేయునది ఏమనగా, భూగోళం వేడెక్కకుండా కాపాడే నిమిత్తం ఊరి బాలబడిని కూలగొట్టడానికి నిర్ణయించడమైనది. ఈ ప్రకటనను చౌరస్తాలో దీపస్తంభానికి, చనిపోయినవాళ్ళ ఫోటోలతో అంటించే కాగితాల మధ్య ఖాళీ చూసి అంటించారు. ఊరివాళ్ళు రోజూ ఆగి శ్రద్ధగా చదివే చోటు అదొక్కటే కాబట్టి పురపాలక సంఘాన్ని తప్పుపట్టడానికి లేదు.

బాలబడికి నూట పదేళ్ళు. వెనక కొండ రాయితో కట్టిన గోడలు మూరెడు మందం. పిల్లలు పదిహేడు మంది. దానికున్న జబ్బల్లా ఒకటే, పైకప్పు కారుతుంది. పోయిన చలికాలం పిల్లలు బకెట్ల మధ్య పడుకున్నారు. ఈ చలికాలం రాకముందే పెంకులు మార్పించాలని పురపాలక ఇంజనీరు నెద్యాల్కా పట్టుబట్టింది. ఆమెకు యాభై నాలుగేళ్ళు. ఆ వయసులో కూడా లెక్కలను నమ్ముతుంది.

పెంకులకు డబ్బిచ్చే నిధి వారిదొక నియమం ఉంది. ఏ కట్టడం తలపెట్టినా రెండు లెక్కలు పక్కపక్కన చూపాలి: ఎంత ఖర్చు, ఎంత పొగ. పొగ అంటే రేపు పొయ్యి వెలిగిస్తే వచ్చేది కాదు. సిమెంటు వండినప్పుడు, ఇనుము కరిగించినప్పుడు, లారీలు కొండ ఎక్కినప్పుడు, ఎవరూ గృహప్రవేశం చెయ్యకముందే గాలిలో కలిసిపోయి ఆ కట్టడం పేరు మీద ఉండిపోయేది. నెద్యాల్కా వారం రోజులు కూర్చుని పట్టిక తయారు చేసింది. మరమ్మతుకు నలభై వేల యూరోలు, తొమ్మిది టన్నుల పొగ. కొత్త భవనానికి పన్నెండు లక్షల యూరోలు, మూడు వందల నలభై టన్నులు. పట్టిక చూసి మేయరు బోజిదార్ ముఖం వాడిపోయింది.

"ఇంజనీరమ్మా, పెంకులు మార్చామే అనుకో, రిబ్బను ఎక్కడ కట్టమంటావ్? చూరుకా?"

"రిబ్బను లేకపోతే ఏమైందండీ, పిల్లలు తడవరు కదా."

"తడవని పిల్లల్ని ఎవరమ్మా ఫోటో తీసేది?"

ప్రశ్నలో న్యాయం ఉంది. అందుకని రాజధాని సోఫియా నుంచి కలోయన్ అనే సలహాదారును పిలిపించారు.

కలోయన్ గారు రెండు దేశాల్లో చదువుకున్నారు. మేయరు గారింట్లో జున్ను పెట్టి కాల్చిన వేడివేడి బనిత్సా తింటూనే నియమావళి అంతా తిరగేసి, పొగకు పరిమితి మొత్తం మీద కాదని, చదరపు మీటరుకని కనిపెట్టారు. "పొగ తగ్గించడం కష్టం సార్. మీటర్లు పెంచడం తేలిక" అన్నారు. దాంతో పదిహేడు మంది పిల్లల బడికి మూడు అంతస్తులు లేచాయి, కాగితం మీద. రెండో అంతస్తులో నాలుగు వందల మంది పట్టే సభామందిరం. ఊళ్ళో ఎంత పెద్ద పెళ్ళికైనా నూరు మంది దాటరు కనుక తొక్కిసలాట భయం లేదు. మూడో అంతస్తు కేవలం మీటర్ల కోసం.

తర్వాత కలప వంతు వచ్చింది. చెట్టు బతికి ఉండగా మింగిన పొగ దూలంలోనే ఉంటుందట, దూలం వాడిన మేరకు లెక్కలోంచి తీసెయ్యవచ్చునట. అంటే ఎంత కలప వాడితే భూగోళానికి అంత చల్లన. వసారాకు కలప, ప్రహరీకి కలప, చివరికి కలపతో ఒక గడియారపు బురుజు. గడియారం మాత్రం పెట్టలేదు, దానికి ఇనుము కావాలి. ఊరి వెనకే అడవి ఉన్నా కలపను రెండు వేల కిలోమీటర్ల అవతల నుంచి తెప్పించాల్సి వచ్చింది. మన చెట్లకు ధ్రువపత్రం లేదు. ఆ మాటకొస్తే పాత బడి గోడల రాయికీ లేదు. నూట పదేళ్ళ కిందట దాన్ని గాడిదలు మోశాయి. అవి ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

ఇంత చేసినా పట్టికలో మరమ్మతు వరస తొమ్మిది టన్నులతో అలాగే కూర్చుని ఉంది.

"ఈ పోలిక ఏ రోజు నుంచి మొదలు?" అని అడిగారు కలోయన్ గారు.

"దరఖాస్తు పెట్టిన రోజు నుంచి" అంది నెద్యాల్కా.

"ఆ రోజుకి బడి ఉంటేనే కదమ్మా మరమ్మతు!"

సోమవారం బడి కూల్చారు. గురువారం దరఖాస్తు పెట్టారు. కూల్చడానికి అయిన పొగ గురువారానికి ముందుది కాబట్టి అది ఎవరిదీ కాదు. పిల్లల్ని అగ్నిమాపక కేంద్రంలోకి మార్చారు. వాళ్ళు ఎర్ర బండి పక్కన నిద్రపోతూ, చుట్టలు చుట్టిన గొట్టాల మీద అంకెలు నేర్చుకుంటున్నారు. పట్టికలో పాత బడి వరసలో నెద్యాల్కా "లేదు" అని రాసి సంతకం పెట్టింది. అప్పటికి అది నిజమే. అయినా ఆమెకు సిగ్గేసింది. ఆ సిగ్గుకు పట్టికలో గడి లేదు.

శంకుస్థాపన సెప్టెంబరులో ఒక ఉదయం పది గంటలకు జరిగింది. పాద్రి నీళ్ళు చల్లాడు. పెద్ద డేగిశాలో గొర్రె మాంసం ఉడుకుతోంది. మేయరు గారు రొట్టె విరిచి ఉప్పులో అద్దుకుని, "ఈ గోతిలోంచి భవిష్యత్తు మొలకెత్తుతుంది" అని ఉపన్యాసం ఎత్తుకున్నారు. అప్పుడు స్తామెన్ తాత, ఎనభై ఆరేళ్ళ పాత మేస్త్రీ, కర్ర ఎత్తి కేకేశాడు.

"వెనక్కి జరగండర్రా! పునాదిలో నీడ పడితే గోడ మింగేస్తుంది!"

అటువైపు ఇది తెలియనివాళ్ళు లేరు. పూర్వం మేస్త్రీలు దారిన పోయేవాడి నీడను పురికొసతో కొలిచి, ఆ కొసను పునాదిలో పెట్టి కట్టేసేవాళ్ళు. గోడ నిలబడేది. ఆ మనిషి నలభై రోజుల్లో పోయేవాడు. ఇదంతా చాదస్తమని ఇప్పుడు అందరికీ తెలుసు. తెలిసీ అందరూ నాలుగు అడుగులు వెనక్కి వేశారు. కలోయన్ గారు ఏడు వేశారు. మేయరు గారు మిగిలిన ఉపన్యాసాన్ని దూరం నుంచి అరిచి పూర్తి చేశారు.

ఫోటో కోసం గోతి అంచున నిలబెట్టిన పిల్లలు మాత్రం పాట పాడుతూ అక్కడే ఉన్నారు. ఎండ వాళ్ళ వీపుల మీద కాస్తోంది. పదిహేడు నీడలు గోతిలో వరసగా పడుకున్నాయి. నెద్యాల్కా గబగబా వెళ్ళి పిల్లల్ని వెనక్కి లాగబోయింది.

"ఉండమ్మా, ఫోటో అయిపోనీ" అన్నారు మేయరు గారు, అంత దూరం నుంచే. ఈలోగా కాంక్రీటు పోశారు.

నవంబరులో పురపాలక సంఘం మళ్ళీ కొలువుదీరింది. ఈసారి ఊరి వేడినీళ్ళ స్నానశాల గోడకు బీట పడింది. దాన్ని కూల్చి అయిదంతస్తులది కడితే చదరపు మీటరుకు పొగ ఇంకా తగ్గుతుందని కలోయన్ గారు బొమ్మలు కూడా తెచ్చారు. నెద్యాల్కా ఎప్పటిలాగే పట్టిక పంచింది. ఖర్చు గడి అలాగే ఉంది. పొగ గడిలో టన్నులు లేవు. మరమ్మతు, పన్నెండు నీడలు. కొత్త భవనం, ఆరు వందల నీడలు.

"ఇదేం లెక్కమ్మా?" అన్నారు మేయరు గారు.

"టన్నులని రాస్తే ఇన్నాళ్ళూ మీలో ఒక్కరికీ చెమట పట్టలేదు కదండీ. ఆ పొగ కూడా చివరికి మనుషుల మీదే పడేది. అందుకని మనుషుల్లో రాశాను."

"ఎవరి నీడలూ?"

"ఊరివాళ్ళవే. ఆరు వందలంటే చాలామంది కావాలి. ముందు కౌన్సిలు వాళ్ళవి కొలుద్దామనుకుంటున్నా." సంచిలోంచి స్తామెన్ తాత ఇచ్చిన పురికొస తీసి బల్ల మీద పెట్టింది.

ఒక సభ్యుడు లేచి కిటికీ తెర వేశాడు. నాలుగు నిమిషాలు గడవకుండానే మరమ్మతు ఏకగ్రీవంగా గెలిచింది. చెయ్యెత్తినవాళ్ళు బల్ల మీద చేతి నీడ చూసుకుని గబుక్కున దించేశారు. పర్యావరణ స్పృహతో ఈ నిర్ణయం తీసుకున్నట్టు తీర్మానాల పుస్తకంలో రాశారు. దానికి జాతీయస్థాయి పురస్కారం కూడా వచ్చింది. రిబ్బను స్నానశాల గోడ మీది బీటకు అడ్డంగా కట్టారు, ఫోటో చక్కగా వచ్చింది.

పిల్లలు ఇంకా ఎర్ర బండి పక్కనే ఉన్నారు. కలప ధ్రువపత్రం కోసం సరిహద్దులో ఆగి ఉంది. పునాది మీద మంచు పడుతోంది. ఆ పునాదిలోకి వెళ్ళిన పదిహేడు నీడల సంగతేమిటని నెద్యాల్కా సభలో లేచి అడిగింది. కలోయన్ గారు ఓపిగ్గా అక్కడికక్కడే లెక్క వేసి చూపించారు. పిల్లలవి కదా, చిన్నవి. చదరపు మీటరుకు చూస్తే దాదాపు ఏమీ రాదు.