పదో డోసు

2021 జూన్ మొదటి వారంలో ఒక బుధవారం పొద్దున ఏకాంబరం వేసుకున్న పథకం చిన్నదే. ఆరింటికి ఆవుల పాలు పిండి కేంద్రంలో పోయాలి. ఎనిమిదింటికి సంగటి తినాలి. తొమ్మిదింటికి భార్య చంద్రకాంతమ్మను వెంటబెట్టుకొని ఊళ్లో ఉన్న సబ్ సెంటరుకు వెళ్లి ఇద్దరూ కోవిడ్ టీకా వేయించుకోవాలి. పదకొండింటికల్లా మామిడితోటలో ఉండాలి, తోతాపురి కాయలు కోతకొచ్చి ఉన్నాయి.

వాళ్ల ఊరు గొల్లమిట్ట, పాకాలకు ఆరు కిలోమీటర్లు. మూడు నెలల కిందట టీకాలు కొత్తగా వచ్చినప్పుడు నర్సు ప్రసన్నకుమారి ఇల్లిల్లూ తిరిగింది. కొందరు తలుపులు వేసుకున్నారు. కొందరు సెల్‌ఫోన్లో ఎవరో పంపిన వీడియో చూపించి, వేసుకున్నవాళ్లు రెండేళ్లలో పోతారంట కదా అని ఆమెనే అడిగారు. ఏకాంబరం మాత్రం మర్యాదగా కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, "ముందు టౌనోళ్లు ఏసుకోనీ పాపా, ఒక ఏడాది సూసి సెప్తాం" అన్నాడు.

మే నెలలో రెండో విడత జబ్బు వచ్చింది. చంద్రకాంతమ్మకు చాలా ఏళ్లుగా ఆయాసం. ఆమెకు వారం రోజులు దగ్గు పట్టుకుంది. పరీక్ష చేస్తే కరోనా కాదని తేలింది. అయినా ఏకాంబరం ఆక్సిజన్ ఎంతుందో చూసే, వేలికి పెట్టే మిషను ఎక్కడినుంచో తెచ్చి, రోజుకు నలభైసార్లు ఆమె వేలు పట్టుకొని అంకెలు చదివాడు. తొంభై అయిదు వస్తే ఆవుల దగ్గరికి వెళ్లేవాడు, తొంభై నాలుగు వస్తే వెళ్లేవాడు కాదు. ఏడాది చూస్తానన్న మనిషి ఆ వారంతోనే చూడటం చాలించాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇబ్బంది ఏమిటంటే జనం వద్దన్నప్పుడు సీసాలు మిగిలిపోయాయి, ఇప్పుడు సీసాలు లేవు. మూడు వారాలు ఎదురుచూశాక గొల్లమిట్టకు ఆ బుధవారం ఒకటే సీసా వచ్చింది. దాంట్లో పదిమందికి సరిపడే మందు ఉంటుంది. ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లో అయిపోవాలి, లేకపోతే పారబోయాలి. ఆరోజు సబ్ సెంటరుకు వచ్చింది సరిగ్గా పదకొండుమంది. ఆశా వర్కరు అలివేలమ్మ చీటీలు పంచితే ఏకాంబరానికి పది, చంద్రకాంతమ్మకు పదకొండు వచ్చాయి.

"పెద్దనాయనా, సీసా ఒకటే వచ్చింది. మీ ఇద్దర్లో ఒకరికే ఈరోజు. ఇంకొకరికి మళ్లీ వచ్చినప్పుడు," అంది ప్రసన్నకుమారి.

"మళ్లీ ఎప్పుడొస్తాది?"

"పైనుంచి పంపినప్పుడు."

పైన అంటే ఎంత పైన అని అడగబోయి ఏకాంబరం మానుకున్నాడు. "అట్లయితే ఈయమ్మకు వెయ్యి పాపా," అన్నాడు.

"నాకెందుకు? ఆయనకే వెయ్యమ్మా. ఊరంతా తిరిగేది ఆయనే," అంది చంద్రకాంతమ్మ.

"మీరిద్దరూ మాట్లాడుకొని చెప్పండి. అంతలో మిగిలినోళ్లకు వేసేస్తా," అని ప్రసన్నకుమారి పది గంటల పది నిమిషాలకు సీసా తెరిచింది.

తను కనపడకుండా పోతే ఆమె ఎలాగూ వేయించుకుంటుందని ఏకాంబరానికి తోచింది. "బర్రెను కట్టేయడం మర్సిపోయినా. ఇప్పుడే వస్తా," అని లేచి వెళ్లాడు. చంద్రకాంతమ్మ సరేనంది. తమకు బర్రె లేదన్న సంగతి ఆమెకు ఆ తర్వాత గుర్తొచ్చింది. గబగబా లేచి ఆయన వెనకాల బయలుదేరింది.

బస్సులు ఆగేచోట అరుగు మీద మిషను పెట్టుకొని బట్టలు కుట్టే సలావుద్దీన్, చొక్కా చెయ్యి భుజం దాకా మడుచుకొని పరుగులాంటి నడకతో వస్తున్న ఏకాంబరాన్ని చూశాడు. "ఏమన్నా, సూది ఏసుకుంటివా?" అని అడిగాడు.

"లేదప్పా. ఆడ నేనుండకూడదు," అని ఏకాంబరం ఆగకుండా తోటదారి పట్టాడు.

అయిదు నిమిషాల తర్వాత చంద్రకాంతమ్మ వచ్చింది. ఎండకూ నడకకూ ఊపిరి అందడం లేదు. అరుగు పట్టుకొని, "మా ఆయన పోయినాడప్పా," అంది. మళ్లీ ఊపిరి తీసుకొని, "ఎట్ల పోయినాడు?" అని అడిగింది. సలావుద్దీన్ తోట వైపు చెయ్యి చూపించాడు. ఆమె అటు వెళ్లింది.

ఎదురింట్లో గిన్నెలు తోముతున్న ఆదిలక్ష్మమ్మకు సలావుద్దీన్ చెయ్యి కనపడలేదు. చంద్రకాంతమ్మ గొంతు మాత్రం వినపడింది. మొగుడు పోయాడంటోంది, ఎలా పోయాడో తెలియడం లేదంటోంది. పొద్దున ఇద్దరూ టీకాకు వెళ్లడం ఆదిలక్ష్మమ్మ కళ్లారా చూసింది. గిన్నె కింద పెట్టేసి, "అయ్యో అన్నా, ఎంత మంచోడివి," అని ఏడుపు అందుకుంది.

ఆ ఏడుపు మూడు వీధులు దాటడానికి పది నిమిషాలు పట్టింది. ఏకాంబరం సూది వేసుకొని పడిపోయాడని ఒక వీధిలో, భార్య చేతుల్లోనే పోయాడని ఇంకో వీధిలో చెప్పుకున్నారు. సబ్ సెంటరు వరండాలో తొమ్మిదిమంది టీకా వేయించుకొని, అరగంట కదలకుండా కూర్చోమంటే కూర్చొని ఉన్నారు. వార్త అక్కడికి చేరేసరికి భానుచందర్ అనే ఆయన కుర్చీలోంచి మెల్లగా పక్కకు ఒరిగాడు. ఆయన భార్య 108కి ఫోన్ చేసింది.

"ఏకాంబరం పెద్దనాయనకు నేను సూదే వెయ్యలేదు," అని ప్రసన్నకుమారి గుమికూడినవాళ్లతో అంది.

"వెయ్యకముందే పోయినాడంట. వేసుంటే ఇంకేమయ్యేదో," అన్నారు వెనకనుంచి.

అంబులెన్సు రానే వచ్చింది. దాన్ని చూశాక ఊళ్లో అనుమానం ఉన్నవాళ్లకు కూడా అనుమానం పోయింది. భానుచందర్‌ను పరీక్షించి, జబ్బేమీ లేదు, ఆకలి అని తేల్చారు. సూదికి భయపడి ఆయన ముందురోజు మధ్యాహ్నం నుంచి ఏమీ తినలేదు. ఎవరింటినుంచో ఇడ్లీలు తెచ్చి పెడితే ఆరు తిన్నాడు.

ఈలోగా ఆస్పత్రి నుంచి డాక్టరు ఫోన్ చేశాడు. "ప్రసన్నా, మీ ఊళ్లో ఎవరో పోయినారంటనే?"

"పోయినాడు సార్. కానీ నడుచుకుంటా పోయినాడు."

"సరే. ఎన్ని డోసులు మిగిలినాయి?"

"ఒకటి సార్."

"అది పారబోస్తే నన్ను పైవాళ్లు అడుగుతారు. జనం రారు, మందు వృథా అవుతోందని మీ ఊరి సీసా వేరే ఊరికి పోతాది. ఎవరికో ఒకరికి వేసెయ్."

ప్రసన్నకుమారి చుట్టూ చూసింది. అంతసేపూ కిక్కిరిసి ఉన్న జనం రెండడుగులు వెనక్కి జరిగారు. ఒకామె తనకు బీపీ అంది. ఒకాయన తనకు వయసు చాలదన్నాడు, మనవడిని ఎత్తుకొని ఉన్నాడు. ఇంటింటికీ తిరిగితే తలుపులు మళ్లీ మూసుకున్నాయి. మూడు నెలలు చెప్పులు అరిగేలా తిరిగి కూడబెట్టిన నమ్మకం పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట లోపల పోయిందని ఆమెకు కళ్లనీళ్లు వచ్చాయి. అలివేలమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "ఆ ఇద్దరూ మోటారు షెడ్డు కాడ ఉంటారు. కోపమొచ్చినా బాధొచ్చినా ఆయన ఆడికే పోతాడు. పోదాం పద," అంది. మందుపెట్టె ఒళ్లో పెట్టుకొని ప్రసన్నకుమారి అలివేలమ్మ స్కూటరు వెనకాల ఎక్కింది.

మోటారు షెడ్డు మెట్టు మీద ఏకాంబరం, చంద్రకాంతమ్మ మూడు గంటలుగా కూర్చొనే ఉన్నారు. ఆమె ఆయాసం తగ్గేదాకా ఆయన తువ్వాలుతో విసిరాడు. తర్వాత ఒక మామిడికాయ కోసి చేతికిచ్చాడు.

"నువ్వెందుకొచ్చినావు? నేను లేసి వచ్చిందే నువ్వు ఏపించుకుంటావని."

"పాలకేంద్రానికి పోయేది నువ్వు, మామిడి మండీకి పోయేది నువ్వు. జబ్బు ఇంటికి వస్తే నీతోనే వస్తాది. నీకు ఏస్తే నాకు ఏసినట్టే కదా."

"ఎవరు సెప్పినారు?"

"ఎవరో ఎందుకు సెప్పాల? నాకు తెలవదా?"

ఏకాంబరం గొంతు తగ్గించాడు. "మొన్న నువ్వు దగ్గినప్పుడు ఆ మిషన్లో ఒకసారి తొంభై రెండు వచ్చింది. నీకు సెప్పలేదు. మిషను తప్పేమోనని నా ఏలికి పెట్టుకుంటే తొంభై ఎనిమిది సూపించింది. నాకు అంత ఎందుకుండాదా అని ఏడుపొచ్చింది."

చంద్రకాంతమ్మ మామిడికాయ పక్కన పెట్టేసింది. పెళ్లయిన నలభై ఏళ్లలో ఆయన ఏడుపు గురించి ఆయన నోటివెంట వినడం ఆమెకు అదే మొదలు. "నువ్వు లేకపోతే నాకు ఎన్ని ఉంటే ఏం?" అంది, ఆయన వైపు చూడకుండా.

అప్పుడే స్కూటరు వచ్చి ఆగింది. దాని వెనకాల ఊరంతా వచ్చింది. అందరికంటే ముందు ఆదిలక్ష్మమ్మ చేతిలో పూలదండతో వచ్చి, ఏకాంబరాన్ని చూసి నిలబడిపోయింది.

"పోలేదా అన్నా?"

"యాడికి?" అన్నాడు ఏకాంబరం.

ఆమె తెచ్చిన దండను ఏం చేయాలో తోచక షెడ్డు తలుపుకు తగిలించింది.

ప్రసన్నకుమారి గడియారం చూసుకుంది. రెండు కావడానికి అయిదు నిమిషాలు ఉంది. "ఇంకా పదిహేను నిమిషాలే టైముంది. మీ గొడవ తరవాత. ఎవరికి వెయ్యాల?"

"ఈయమ్మకు," అన్నాడు ఏకాంబరం.

"ఆయనకు," అంది చంద్రకాంతమ్మ.

"ఈయమ్మకు ఆయాసం పాపా. తట్టుకోలేదు."

"ఆయన మాట వినొద్దమ్మా. ఆయనకేమన్నా అయితే నేను తట్టుకోలేను."

దండ తెచ్చినవాళ్లూ, సానుభూతి చెప్పడానికి వచ్చినవాళ్లూ నోరు తెరుచుకొని చూశారు. ఆయన బతికే ఉన్నాడని చూడగానే, అయితే సూది తప్పించుకోవడానికే ఇద్దరూ పారిపోయారని వాళ్లు అనుకున్నారు. ఇక్కడ చూస్తే ఒకరికి ఇప్పించాలని ఇంకొకరు కొట్లాడుతున్నారు.

"ఇద్దరూ వద్దంటే మందు నేలపాలు," అని ప్రసన్నకుమారి సీసా ఎత్తింది. ఏకాంబరం భార్య చెయ్యి పట్టి ముందుకు లాగాడు. అదే క్షణంలో ఆమె ఆయన చెయ్యి పట్టి లాగింది. బలం ఆయనది ఎక్కువ కాబట్టి ఆమె చెయ్యే ముందుకొచ్చింది. ప్రసన్నకుమారి ఆ చేతికి వేసేసింది.

చంద్రకాంతమ్మ కళ్లు తుడుచుకుంది. నొప్పి కాదమ్మా, ఆయనకు సూది లేకుండా పోయింది కదా అంది.

ప్రసన్నకుమారి సీసాను ఎండకు ఎదురుగా పట్టుకొని వంచి చూసింది. ఇంకోసారి వంచి చూసింది. చుక్క కారకుండా జాగ్రత్తగా తీస్తే ఒక్కోసారి సీసా అడుగున ఇంకొంచెం మిగులుతుంది. అన్నిసార్లూ మిగలదు కాబట్టి ఆమె ముందుగా ఎవరికీ చెప్పదు. కొత్త సిరంజి తీసి నెమ్మదిగా లాగింది. మందు గీత దాకా వచ్చి ఆగింది.

"పెద్దనాయనా, చెయ్యి చాపు. పదకొండోది కూడా ఉంది."

ఏకాంబరం చెయ్యి చాపాడు. సూది దిగుతున్నంతసేపూ భార్యనే చూస్తూ ఉన్నాడు. అరగంట కదలకూడదని ప్రసన్నకుమారి చెబితే ఇద్దరూ మెట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. చూడటానికి ఊరు కూడా కూర్చుంది. ఇరవై నిమిషాలైనా ఎవరికీ ఏమీ కాకపోయేసరికి సలావుద్దీన్ లేచి అలివేలమ్మ దగ్గరికి వచ్చాడు.

"పెండ్లాం కోసం మొగుడు, మొగుడి కోసం పెండ్లాం కొట్లాడినారంటే దాంట్లో ఏందో ఉండాదిక్కా. నా పేరు రాసుకో. మా ఇంట్లో ఆమె పేరు కూడా. ఇద్దరికీ ఒకే రోజు రావాల," అన్నాడు.

ఆదిలక్ష్మమ్మ తన పేరు ఆయన కంటే పైన రాయమంది. సాయంత్రానికి అలివేలమ్మ నోటుపుస్తకంలో డెబ్బై ఒక్క పేర్లు చేరాయి.

తర్వాతి వారం గొల్లమిట్టకు మూడు సీసాలు వచ్చాయి. తెల్లవారకముందే సబ్ సెంటరు ముందు నూటముప్పై మంది నిలబడ్డారు. ఎవరు ముందు వచ్చారన్న మాట మీద రెండు కుర్చీలు, ఒక కిటికీ విరిగాయి.

ఆరోజు పంపిన రిపోర్టులో "ప్రజల సహకారం" అన్న గడిలో ప్రసన్నకుమారి, "ఎక్కువగా ఉన్నది, దయచేసి ఇద్దరు పోలీసులను పంపగలరు" అని రాసింది.