ఇళ్ళు మోసే ఊరికి హద్దులొచ్చాయి

ఒక పెద్ద అడవిలో అని మొదలుపెడదామనుకున్నాను గానీ, నేను చెప్పబోయే అడవిని అప్పటికే మూడొంతులు కొట్టేశారు. మిగిలిన ఆ కాస్త అడవిలో, ఇండోనేషియా దేశంలో, సులవేసి అనే దీవిలో, ఒక ఏటి ఒడ్డున జంతువుల ఊరొకటి ఉండేది. ముప్పై గడప ఉంటుందేమో.

అక్కడి ఇళ్ళకి పునాదులుండవు. నేల మీద రాళ్ళు పరిచి, రాళ్ళ మీద కర్ర స్తంభాలు నిలబెట్టి, వాటి మీద ఇల్లు కడతారు. ఏరు ఏటేటా కాస్త ఒడ్డు కోసుకుంటూ వచ్చేది. ఏటితో పోట్లాడి గెలవలేమని ఆ జంతువులకి తెలుసు. అందుకని ఎవరి గుమ్మం ముందుకి నీళ్ళొస్తే వాళ్ళు "రండర్రా!" అని ఒక్క కేక వేసేవాళ్ళు. ఊరంతా వచ్చి ఇంటి కింద వెదురుబొంగులు కట్టి, భుజాన వేసుకుని, ఇంటిని ఇల్లుగానే ఎత్తి మిట్ట వైపు కొంత దూరం మోసుకుపోయేది. పెద్దముక్కు పిట్ట కప్పు మీద కూర్చుని "హైలెస్సా" పాడేది. ఆ తర్వాత ఇంటివాళ్ళు అరటికాయ బజ్జీలూ కాఫీ పెట్టేవాళ్ళు.

ఇల్లు వాళ్ళది, నేల నేలది. ఆ నేల ఎవరిదని అడిగిన వెధవ అప్పటికింకా పుట్టలేదు.

ఆ ఊరి పెద్ద ఉడుము. ఏ పనీ చేయకుండా రోజంతా ఎండలో పడుకుంటుంది కాబట్టి తీరిక ఉంటుందని దాన్నే పెద్దని చేశారు. ఏటికి ఆనుకుని, ఎండ బాగా తగిలే చోట దాని ఇల్లు. అది ఒకసారి పట్నంలో ఏదో సభకి వెళ్ళొచ్చింది. వచ్చీ రాగానే ఊరందరినీ పిలిచి నిలబెట్టింది.

"మీకు ఇళ్ళున్నాయి. కానీ ఆస్తి ఉందా?" అంది.



"లేదా పెద్దయ్యా?" అంది అడవిపంది.

"లేదు. నేల మీద కాగితం లేనివాడు దరిద్రుడు. పట్నంలో అందరూ మనల్ని చూసి నవ్వుతున్నారు."

అంతవరకూ హాయిగా ఉన్న ముప్పై గడపా ఆ సాయంత్రానికల్లా దరిద్రులైపోయి మంచాలెక్కాయి. ఏం చెప్పమంటారు!

మర్నాడు నల్లకోతి కొలతలు మొదలుపెట్టింది. ఊళ్ళో రాయడం వచ్చింది దానికొక్కదానికే. చదవడం ఇంకెవరికీ రాదు కాబట్టి అదేం రాసిందో అది చదివి చెబితేనే తెలిసేది. పేము తీగ పట్టుకుని కొలిచి, ఒక్కొక్కరి పేరా ఒక్కో కాగితం రాసింది. అందులో షరతు ఒక్కటే. ఎవరి నేల మీద ఏది నిలబడి ఉంటే అది వాళ్ళ సొంతం.

కోతి వెళ్ళి ఉడుముని అడిగింది. "పైనున్న మిట్ట ఎవరి పేర రాయను పెద్దయ్యా? అది ఊరుమ్మడి."

"ఉమ్మడంటే?"

"అందరిదీ."

"ఆ అందరికీ పెద్ద ఎవరు?"

"తమరే కదండీ."

"మరి నా పేరే రాయి."

"చిత్తం. ఇళ్ళు మోసే దారి మిగిలింది. అది ఎవరిదీ కాదు."

"ఎవరిదీ కానిదాన్ని కాగితం మీద ఎలా పెడతావురా? అటుపక్కవాళ్ళకి సగం, ఇటుపక్కవాళ్ళకి సగం కలిపెయ్."

ఉడుము లెక్క ఉడుముకుంది. వానలొస్తే ఒక్కో ఇల్లూ మిట్టెక్కక తప్పదు. మిట్ట తనది. ఊరంతా తన గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది. తన ఇల్లంటారా, ఊరి పెద్ద ఇల్లు కాబట్టి మొదట దాన్నే మోస్తారు. ఇలా అనుకుని నాలుక చప్పరించింది.

కాగితాలు అందాయో లేదో ఊరికి కొత్త కళ వచ్చింది. తెల్లారేసరికి కంచెలు లేచాయి. కాగితం ఎండకి వెలిసిపోతుందని ఇంట్లోకీ, ఇంట్లో చెమ్మ తగులుతుందని ఎండలోకీ తిప్పడమే అందరికీ పనైపోయింది. పంది అయితే దాన్ని మెడకి కట్టుకుని తిరిగింది.

వానలు పట్టాయి.

మొదట నీళ్ళొచ్చింది పునుగుపిల్లి బెస్సె ఇంటి ముందుకి. బెస్సె మొగుడు పోయి రెండేళ్ళు. ముగ్గురు పిల్లలు. వాళ్ళకున్నదల్లా ఆ మొగుడు టేకు చెక్కలతో కట్టిన ఇల్లు. ముందు రాళ్ళు రెండు ఏట్లోకి జారేసరికి బెస్సె "రండర్రా!" అని కేకేసింది.

అందరూ వచ్చారు. అలవాటు అంత తొందరగా చావదు కదా. బొంగులు కట్టారు. పంది ముందు బొంగు పట్టింది, చిట్టిదున్న దాని పక్కన నిలబడింది. పిట్ట కప్పెక్కి పాట ఎత్తుకుంది. ఇల్లు లేచింది. పిల్లలు ముగ్గురూ కిటికీలోంచి చూస్తూ కేరింతలు కొట్టారు.

నలభై అడుగులు నడిచారు.

"ఆగండాగండి!" అని అరిచింది పంది. "ఇక్కడ్నుంచి నా హద్దు."

"ఇల్లు మోస్తోంది నువ్వే కదరా!" అంది దున్న.

"మోస్తున్నది పొరుగువాడిగా. ఆపుతున్నది యజమానిగా."

ఇంత మాటన్నాక పంది భుజం మీద బొంగు దించుతుందేమోనని చూశారు. దించలేదు. మోస్తూనే ఆపింది.

"అయితే నా మీదుగా తిప్పండి," అంది దున్న. అని, వెంటనే మెడకాయ తిప్పి తన కంచె చూసుకుంది. "వద్దులే. పసుపు నాటాను, తొక్కేస్తారు."

బెస్సె పరుగున ముందుకొచ్చింది. "ఒరే తమ్ముళ్ళూ, పోయినేడు మీ ఇళ్ళు ఈ దారినే కదరా పోయాయి! నేనూ ఓ బొంగు పట్టాను కదరా!"

"అప్పుడిది దారక్కా. ఇప్పుడు ఆస్తి," అంది పంది, చాలా బాధపడుతున్నట్టు మొహం పెట్టి.

వానలో, భుజాల మీద ఇల్లు పెట్టుకుని, ఆ మహానుభావులు గంటసేపు వాదించుకున్నారు. భుజాలు లాగేశాయి. ఇక లాభం లేదని ఇంటిని ఉన్నచోటే దించారు. సగం పంది నేలలో పడింది, సగం దున్న నేలలో.

ఉడుముని పిలుచుకొచ్చారు. అది కోతి చేత కాగితాలు చదివించుకుని తల పంకించింది.

"రాసింది స్పష్టంగా ఉంది. వంటిల్లు పందిది, ముందుగది దున్నది."

"నా ఇల్లు నాది కాకపోవడమేమిటి పెద్దయ్యా?" అంది బెస్సె.

"ఇల్లు నీది కాదని ఎవరన్నారమ్మా? అది నిలబడ్డ చోటు నీది కాదు. నీ చోటెక్కడ?"

బెస్సె ఏటి వైపు చూపించింది. అక్కడ సుళ్ళు తిరుగుతున్న నీళ్ళు తప్ప ఇంకేమీ లేవు.

"ఇంకేం మరి! అక్కడ నిన్ను కదిపే మగాడు లేడు," అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది ఉడుము.

పంది తన వాటా వంటింటిని కోరలతో పీకింది. దున్న తన వాటా ముందుగదిని కొమ్ములతో లాగింది. విడదీసిన ఇల్లు ఏ వాటాలోనూ నిలబడలేదు. చెక్కలన్నీ బురదలో కూలాయి. సిగ్గు లేకపోతే సరి, అప్పుడు కూడా ఏ చెక్క ఎవరిదని కొట్టుకున్నాయి.

బెస్సె ఊరి మధ్యలో నిలబడి నోరారా తిట్టింది. "మీ కంచెలు మండ! మీ కాగితాలు తగలెయ్య! నా మొగుడి చేతి పనిరా అది!" అని ఏడ్చింది. తర్వాత పిల్లల్ని తీసుకుని మిట్ట దాటి, కోతి పేము తీగ అందని చోట ఒక చెట్టు తొర్రలో చేరింది.

వారం తిరక్కుండా వరదొచ్చింది. ఈసారి ఒక గుమ్మం ముందుకి కాదు, ముప్పై గుమ్మాల ముందుకీ వచ్చింది.

"రండర్రా!" అని కేకేసింది ఉడుము. "ముందు నా ఇల్లు ఎత్తండి!"

నలుగురొచ్చారు. ఇల్లెత్తడానికి ఇరవైమంది కావాలి. మిగతావాళ్ళు ఎవరి కంచె దగ్గర వాళ్ళు దుడ్డుకర్రలతో కాపలా కాస్తున్నారు, తమ నేల మీదుగా ఎవరైనా ఇల్లు తీసుకుపోతారేమోనని.

"నేను ఊరి పెద్దనిరా!" అని గావుకేక పెట్టింది ఉడుము.

"తమరిచ్చిన కాగితమే కదండీ," అంది పంది వినయంగా, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి.

ఏరు ఎవరినీ అనుమతి అడగలేదు. ముందు కంచెలు పట్టుకుపోయింది, తర్వాత ఇళ్ళు. ఉడుముకి ఈత వచ్చు కాబట్టి తోకాడించుకుంటూ మిట్టెక్కింది. తక్కినవీ నీళ్ళలో కాళ్ళు కొట్టుకుంటూ మిట్ట అంచుకి చేరాయి.

"ఇది నా నేల!" అంది ఉడుము, తలదాచుకోను కప్పు లేక వానలో వణుకుతూ.

మీరు నమ్మరు గానీ, అవి అక్కడే ఆగిపోయాయి. నడుం లోతు నీళ్ళలో.

మిట్ట అవతలి నుంచి బెస్సె చూసింది. చూసి ఊరుకోలేకపోయింది. "పైకెక్కండర్రా, చస్తారు!" అని అరిచింది.

"హద్దక్కా," అంది దున్న, పళ్ళు టకటక కొట్టుకుంటూ. "కాగితం ప్రకారం అది పెద్దయ్యది."

మూడు రోజులకి నీళ్ళు తీశాయి. ఊరున్న చోట ఒక రాయి లేదు, ఒక గుంజ లేదు, బురద మాత్రం ఉంది. కాగితాల మీది సిరా అంతా కడుక్కుపోయింది. జంతువులన్నీ చలికి ముడుచుకుపోయి ఆ బురదలోకి దిగాయి. బెస్సె కూడా, పాపం, ఎవరి ఇల్లు ముందు కట్టాలో, తనేం సాయం పట్టాలో చూద్దామని దిగి వచ్చింది.

పంది వంగి, కోరతో బురదలో ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక గీత గీసింది.

"బెత్తెడు ఇటు జరిగావు," అంది దున్న.

బెస్సె వెనక్కి వెళ్ళి, పిల్లల్ని ఒక్కొక్కర్నీ నోట కరుచుకుని, ఆ అడవిలోనే కనపడకుండా పోయింది.

ఇందులో నీతేమిటంటారా? ఇల్లు కొట్టుకుపోయినా ఫర్వాలేదు గానీ, హద్దు మాత్రం బెత్తెడు కూడా జరక్కూడదు.