నలభై దాటని బండి

మోటారు సైకిలుకు యజమాని అంటూ ఈ భూమ్మీద ఎవరూ ఉండరు. పెట్రోలు పోసేవాడు ఉంటాడు, పన్ను కట్టేవాడు ఉంటాడు, ఆదివారం పొద్దున గుడ్డపేలికతో తుడిచేవాడు ఉంటాడు. ఈ ముగ్గురూ ఒక్కడే అయినప్పుడు ఆ అమాయకుణ్ని లోకం మర్యాదకు ఓనరు అంటుంది.

దేవరకొండలో ఆ మర్యాద చెన్నయ్యకు దక్కింది. సహకార సంఘంలో గుమాస్తా. ఎనభైల చివర్లో పట్నం వెళ్లి ఎర్రరంగు వంద సి.సి. స్పోర్ట్స్ బండి కొనుక్కొచ్చాడు. అది స్టాండు మీద నిలబడి ఉన్నా పరుగెత్తుతున్నట్టే కనిపించేది. (తరువాతి కాలంలో అది ఎక్కువగా ఆ పద్ధతిలోనే పరుగెత్తింది.) మీటరులో నూట ఇరవై దాకా అంకెలు ఉండేవి. నలభై తరువాతి అంకెలు అందం కోసం వేశారని చెన్నయ్యకు అప్పటికి తెలియదు.

బండి ఇంటికొచ్చిన రోజునే అతను భార్య కౌసల్యకు ఒక మాట ఇచ్చాడు. కృష్ణ మీద కట్టిన నందికొండ డ్యాం గేట్లు ఎత్తినప్పుడు బండి మీద తీసుకుపోయి చూపిస్తానని. కౌసల్య పుట్టిన ఊళ్లో ఎండాకాలం బావి అడుగున ఊరిన నీటిని చెంబుతో ముంచి బిందె నింపేవారు. అందుకామె బండి సీటు మీద చెయ్యివేసి చాలాసేపు ఆలోచించింది.

"గన్ని నీళ్లు ఒక్కకాడ ఎట్లుంటయయ్యా? నేనొక్కసారి చూడాలె."

"తొంభైల పోదాం. సీరె కుచ్చిళ్లు గట్టిగ పట్టుకో" అన్నాడు చెన్నయ్య.

ఆ మాట మెకానిక్ హమీద్ చెవిన పడింది. హమీద్ షెడ్డు బస్టాండు వెనక ఉంది. జిల్లాలో రెండు స్ట్రోకుల ఇంజన్ల మీద తుది తీర్పు అతనిదే. (అప్పీలుకు నల్గొండ వెళ్లవచ్చు. అక్కడి మెకానిక్కులు "ముందు హమీద్ ఏమన్నడు?" అని అడుగుతారు.)

"తొంభయ్యా! సాబ్, గిది రన్నింగ్ ఇన్ల ఉన్నది" అన్నాడు హమీద్, గుండెపోటు వచ్చినవాడిలా స్టూలు మీద కూలబడుతూ. "పిస్టనంటే కొత్తల్లుడు. సిలిండరంటే అత్తగారిల్లు. జర అలవాటు పడనియ్యాలె. రెండువేల కిలోమీటర్ల దాంక నలభై దాటొద్దు. పది కిలోమీటర్లకొకపారి ఆపి ఇంజను సల్లారనియ్యాలె. దాటినవో, పిస్టను పట్టేస్తది. బ్లాకు తీసి నల్గొండల బోరు కొట్టియ్యాలె, అంటె సిలిండరు లోపల సాఫు జేసి జర పెద్దగ తొలిపియ్యాలె, కొత్త పిస్టనెయ్యాలె."

"వేసినంక?"

"ఏసినంక మల్ల రన్నింగ్ ఇన్."

ఆ రోజునుంచి దేవరకొండలో రన్నింగ్ ఇన్ చట్టం అమలులోకి వచ్చింది. బండి వెనక ఆ రెండు మాటలు రాసిన అట్టముక్క వేలాడింది. బస్టాండు ఎదురుగా చాయ్ హోటలు నడిపే పీర్ మహమ్మద్, ఎవరూ అడగకుండానే, రన్నింగ్ ఇన్ పర్యవేక్షణాధికారిగా బాధ్యతలు స్వీకరించాడు. ఆయనకు బండి నడపడం రాదు. అందువల్ల ఆయన నిష్పాక్షికతను ఎవరూ శంకించలేదు.

"చెన్నయ్యా, నిన్న పొద్దుగాల నలభై రెండు కొట్టినవంట?"

"ఎవలు చెప్పిన్రు పీర్ భాయ్?"

"బర్లు గాసెటోళ్లు చెప్పిన్రు. బర్లు బెదిరినయంట."

చెన్నయ్య మర్నాడే ముప్పై ఎనిమిదికి దిగాడు. సైకిళ్లు అతన్ని దాటిపోయేవి. దాటిపోయేవాళ్లు అట్టముక్క చదివి, రోగిని పరామర్శించినట్టు "ఇంకెన్ని దినాలన్నా?" అని అడిగి మరీ పోయేవారు.

ఇంతవరకు చట్టంలో లోపమేమీ లేదు. కానీ దేవరకొండలో అంతకన్నా పాత చట్టం మరొకటి ఉంది. బండి అడిగినవాడికి లేదనడం, దాహమన్నవాడికి మంచినీళ్లు లేవనడంతో సమానం. (ఎండాకాలం మంచినీళ్లు లేవని ఎవరైనా చెప్పవచ్చు. అది తప్పు కాదు, సమాచారం.) ఎక్కడికని అడగడం అవమానం. ఎప్పుడొస్తావని అడగడం తెగతెంపులు. తాళంచెవి ఇస్తూ ఓనరు ఒక్క మాట మాత్రం అనవచ్చు: "నెమ్మదిగ పో."

ఎక్కువగా అడిగేవాడు పక్కింటి లియాఖత్ అలీ. టైలరు. షెర్వానీ కుట్టడంలో ఆ తాలూకాలో అతన్ని మించినవాడు లేడు. బండి అడగడంలో కూడా.

"చెన్నన్నా, జర తాళంచెయ్యి ఇయ్యరాదే. గిట్ల పోయి గట్ల వస్త."

"తీస్కపో భాయ్. నెమ్మదిగ పో, రన్నింగ్ ఇన్ల ఉన్నది."

"గదేం మాటన్నా! నీ బండి నా బండి కాదా?"

తన బండి అనుకుంటే నలభైలో పోవాలి కనుక, ఊరు దాటగానే లియాఖత్ ఆ ఆలోచన మానుకునేవాడు. ఆ సంగతి బండి శబ్దం చెప్పేది. అతని తరువాత చెన్నయ్య బామ్మర్ది భిక్షం అడిగాడు. సంఘం ప్రెసిడెంటు అల్లుడు అడిగాడు. ఎమ్మార్వో ఆఫీసు జవాను అడగకుండానే తీసుకుపోయి, తెచ్చాక అడిగాడు.

రన్నింగ్ ఇన్ పూర్తికావడానికి ఇంకా వంద కిలోమీటర్లు ఉందనగా, భిక్షం చేతిలో పిస్టను పట్టేసింది. బండిని ఎడ్లబండి మీద తెచ్చారు. అప్పుడు న్యాయపరమైన ప్రశ్న తలెత్తింది. బోరు ఎవరు కొట్టించాలి?

హోటల్లో పంచాయితీ జరిగింది. పీర్ మహమ్మద్ గల్లాపెట్టె వెనకనుంచి లేవకుండానే విచారించాడు.

"తాళంచెయ్యి ఇచ్చినప్పుడు నువ్వేమన్నవు చెన్నయ్యా?"

"నెమ్మదిగ పొమ్మన్న."

"అయిపాయె. 'నెమ్మదిగ పో' అన్నోడే ఓనరు. బండి మీద ఫికరున్నోడే గా మాటంటడు. ఓనరే బోరు కొట్టియ్యాలె."

"ఆర్.సి. పుస్తకంల నా పేరున్నదని గాదు గదా?"

"గా పుస్తకం పోలీసోళ్లకు. మనకు గిదే కానూన్."

అందరూ తలలూపారు. ఎక్కువ ఊపినవాడు లియాఖత్. ఆ కానూన్‌లో తనకు మేలుందని అతనికి వెంటనే అర్థమైంది. అందులోని ప్రమాదం అర్థం కావడానికి ఏళ్లు పట్టింది.

కొత్త పిస్టను వచ్చింది, మళ్లీ రన్నింగ్ ఇన్. చెన్నయ్య నలభైలో తిరిగి తిరిగి పిస్టనుకు సంస్కారం నేర్పేవాడు. అది నేర్చుకునే సమయానికి ఎవరో ఒకరు గిట్ల పోయి గట్ల వచ్చేవారు. మళ్లీ బోరు. బండి వయసు పెరిగింది, రన్నింగ్ ఇన్ మాత్రం నిత్యయవ్వనంతో ఉండిపోయింది. దేవరకొండలో ఆ బండి మీద తొంభై చూడని మగవాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకడు చెన్నయ్య. రెండోవాడు పీర్ మహమ్మద్, ఆయనకు బండి రాదు.

ఈ మధ్యలో ఒక ఏడు నందికొండ గేట్లు ఎత్తారు. చెన్నయ్య కౌసల్యను ఎక్కించుకుని బయలుదేరాడు, నలభైలోనే. పది కిలోమీటర్లకొకసారి బండి చింతచెట్టు కింద చల్లారింది, కౌసల్య పక్కన నిలబడి వేడెక్కింది. డ్యాం ఇంకా కొంతదూరం ఉందనగా దేవరకొండ బస్సు ఎదురొచ్చింది. కిటికీలోంచి లియాఖత్ భార్య షంషున్నీసా, తడిసిన కొంగు ఊపుతూ కేకేసింది.

"కౌసల్యా! గేట్లు బంద్ జేసిన్రు! అబ్బ, ఏం నీళ్లు! మొకమంత తడిసింది!"

కౌసల్య తిరుగుప్రయాణంలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నలభైలో ఒక్క మాట కూడా లేకుండా అంతదూరం రావడం ఎలా ఉంటుందో పెళ్లయినవారికి వివరించనక్కర్లేదు. తరువాత రెండేళ్లు వానలు లేవు. గేట్లు కదల్లేదు. మూడో ఏడు ఎగువన కురిసిన వానలకు కృష్ణ నిండింది. ఆదివారం సాయంత్రం దాకా గేట్లు తీసి ఉంచుతారని రేడియోలో చెప్పారు. చెన్నయ్య బండికి అప్పుడే నాలుగో పిస్టను వేసి ఉంది.

కౌసల్య పొయ్యి దగ్గరనుంచే తేల్చి చెప్పింది.

"ఈసారి గిన నీళ్లు చూడకపోతె రెండిట్ల ఒకటి జెయ్యి. బండినన్న అమ్ము, నన్నన్న పుట్టింటికి తోలు."

"బస్సుల పోవచ్చు గదనే?"

"బస్సుల పోవుడు నాకు తెల్వదా? మాటిచ్చింది నువ్వు, బస్సు గాదు. ఇంకో మాట, పుట్టింటికి తోలేటట్టైతె గూడ నలభైల తోలకు."

ఆ పూటంతా చెన్నయ్య అరుగు మీద కూర్చుని సమస్యను అన్ని వైపులనుంచి పరిశీలించాడు. ఓనరు నలభై దాటకూడదు. అడిగి తీసుకున్నవాడికి పరిమితి లేదు. ఇన్నేళ్లుగా తను చేస్తున్న తప్పు అతనికి ఒక్కసారిగా తెలిసింది. బండి కొనడమే ఆ తప్పు.

శనివారం సాయంత్రం బండిని తోసుకుంటూ లియాఖత్ వాకిట్లోకి వెళ్లాడు.

"భాయ్, మా ఇంట్ల సున్నమేస్తున్నరు. బండికి జాగ లేదు. జర మీ కాడ ఉంచు. తాళంచెయ్యి గూడ ఉంచు, అడ్డమొస్తె జరుపుకుంటవు."

"అరె, దానికేమన్నా!" అన్నాడు లియాఖత్. అడగకుండా బండి దొరకడం అతనికి కొత్త. కొంచెం కళ్లు చెమర్చాయి కూడా.

ఆదివారం పొద్దున బస్టాండంతా నందికొండ జనం. హోటలు కిటకిటలాడుతోంది. లియాఖత్ బండి మీదనే వచ్చి, హోటలు ముందు ఆపి, చాయ్ తాగుతున్నాడు. చెన్నయ్య, వెనక కొత్త నారాయణపేట చీరలో కౌసల్య, నడిచి వచ్చారు.

"లియాఖత్ భాయ్" అన్నాడు చెన్నయ్య, పది మందికీ వినపడేలా. "జర తాళంచెయ్యి ఇయ్యరాదే. నందికొండ దాంక గిట్ల పోయి గట్ల వస్త."

ఒక మాటను వందసార్లు విన్నవాడి నోటికి అది దానంతటదే వస్తుంది. తాళంచెవి జేబులోంచి, మాట నోట్లోంచి ఒకేసారి బయటికొచ్చాయి.

"తీస్కపో చెన్నన్నా. నెమ్మదిగ పో, రన్నింగ్ ఇన్ల ఉన్నది."

హోటల్లో తలలన్నీ గల్లాపెట్టె వైపు తిరిగాయి. పీర్ మహమ్మద్ ఎత్తిన కెటిల్ ఎత్తినట్టే ఉంది. చెన్నయ్య బండి వెనక్కి వెళ్లి అట్టముక్కను జాగ్రత్తగా విప్పి, లియాఖత్ చేతిలో పెట్టి, కిక్కు కొట్టాడు.

మల్లేపల్లి దాటేసరికి ముల్లు తొంభై మీద ఉంది. వాళ్లకన్నా చాలా ముందు బయలుదేరిన బస్సును గుట్టల మలుపులో దాటేశారు. కిటికీలోని షంషున్నీసాను చూసి కౌసల్య కొంగు ఊపింది. (కొంగు అప్పటికింకా పొడిగానే ఉంది. అది అడ్వాన్సు.)

గేట్లన్నీ ఎత్తి ఉన్నాయి. తెల్లటి నీళ్లు ఉరుములా దూకుతున్నాయి, తుంపర గాలిలో పైకి లేచి మొహాల మీద పడుతోంది. కౌసల్య మొహం తుడుచుకోలేదు. కొంగు పూర్తిగా తడిశాక, దగ్గర్లో గొడుగు కింద నిలబడ్డ ఒక ఆఫీసరును అడిగింది. ఆయన ఎత్తు ప్రాంతాల నీటి పరిశీలన ప్రత్యేక విభాగంలో అదనపు సహాయ ఇంజనీరు. అంటే నీళ్లు లేని ఊళ్లకు నీళ్లు ఎందుకు లేవో చూసే ఉద్యోగం.

"సారూ, గీ నీళ్లు యాడికి పోతున్నయి?"

"కింది జిల్లాలకమ్మా. తరువాత సముద్రానికి."

"మా దేవరకొండకు?"

"మీది ఎత్తు ప్రాంతం. సర్వే నడుస్తోంది."

"ఎంత స్పీడుల నడుస్తోంది సారూ? నలభై దాటుతలేదా?"

ఆఫీసరుకు ప్రశ్న అర్థం కాలేదు. అందుచేత దాన్ని పై అధికారులకు నివేదిస్తానని హామీ ఇచ్చాడు.

తిరుగుదారిలో, దేవరకొండ గుట్ట కనబడుతుండగా, పిస్టను పట్టేసింది. చెన్నయ్య జీవితంలో మొదటిసారి బండి ఆగిపోతే ఈల వేశాడు. ఇసుక లారీ మీద ఎక్కించి తెచ్చి, హమీద్ షెడ్డు ముందు దించారు.

"ఎవడు తోలిండు?" హమీద్ గర్జించాడు.

"నేనే. అడిగి తీస్కపోయిన" అన్నాడు చెన్నయ్య.

పంచాయితీ కూర్చుంది. లియాఖత్ నెత్తి కొట్టుకున్నాడు. "యా అల్లా! బండి చెన్నన్నది! పుస్తకంల పేరు చూడున్రి!"

"గా పుస్తకం పోలీసోళ్లకు" అన్నాడు పీర్ మహమ్మద్ విచారంగా. "పొద్దుగాల నువ్వేమన్నవు లియాఖత్?"

లియాఖత్ తన చేతిలోకి చూసుకున్నాడు. అట్టముక్క ఇంకా అతని చేతిలోనే ఉంది.

బోరు లియాఖత్ కొట్టించాడు. ఇప్పుడతను సాయంత్రాలు షెర్వానీల మూటతో, అట్టముక్క కట్టుకుని, నలభైలో వెళ్తుంటాడు. సైకిళ్లవాళ్లు ఆగి పరామర్శిస్తుంటారు. పన్ను చెన్నయ్య కడతాడు, అది పోలీసుల లెక్క. ఆదివారం బండి అడిగి తీసుకుని కౌసల్యను తొంభైలో తిప్పుకొస్తాడు. లియాఖత్ తాళంచెవి ఇస్తూ పెదవులు బిగబట్టి చూస్తాడు గానీ, చివరి క్షణంలో ఆ మాట జారిపోతుంది. ఫికరున్నవాడు నోరు కట్టుకోలేడు.

ఈ అనుభవం మీద దేవరకొండవాళ్లు ఒక నిర్ధారణకు వచ్చారు. ఏదైనా వేగంగా దక్కాలంటే అది మనది అయి ఉండకూడదు. ఆ తరువాత మాకు కాలువ ఎప్పుడొస్తుందని ఏ అధికారినీ ఎవరూ అడగలేదు. డ్యాం ఉన్నది తమ జిల్లాలోనే కదా.